తుపాను రాత్రి గాలిమర ఏం చేస్తుంది?

మొగల్తూరు మండలంలో పేరుపాలెం, కేపీపాలెం తీరాల ముందు సముద్రంలో గాలిమర ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే భారత సముద్రజలాల్లో ఎక్కడా కరెంటు అమ్మే గాలిమర ఇంతవరకూ తిరగలేదు. 2015 అక్టోబరులో కేంద్రం సముద్ర పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. ఆ తర్వాత గుజరాత్ తీరంలో ఎనిమిది, తమిళనాడు తీరంలో ఎనిమిది ప్రాంతాలను గుర్తించారు. 2017 నవంబరులో ఖంభాత్ సింధుశాఖలో గాలి వేగం కొలిచే లైడార్ పెట్టారు. 2024 జూన్‌లో ఆ రెండు రాష్ట్రాలకు చెరో 500 మెగావాట్ల చొప్పున 1,000 మెగావాట్ల కోసం, రేవుల అభివృద్ధితో కలిపి, 7,453 కోట్ల రూపాయల సాయానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆంధ్ర తీరం ఈ పట్టికలో లేదు. మన్నార్ సింధుశాఖలో వీచే గాలి ముందు మన తీరపు గాలి తక్కువే, కాబట్టి ఆ వరసను తప్పుపట్టడానికి లేదు.

అయినా సముద్ర గాలిమరలూ గ్రిడ్ నిబంధనలూ అన్న ప్రశ్నను గోదావరి డెల్టా చివర నుంచే పరిశీలించాలని నా అభిప్రాయం. సముద్రంలో ఇనుప కట్టడాలు నిలబెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ కోసం దశాబ్దాలుగా ఆ పని జరుగుతూనే ఉంది. ఇక తుపాన్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ. 2025 అక్టోబరులో మొంథా ఈ చుట్టుపక్కలే తీరం దాటింది. దేశంలో ఎక్కడ సముద్ర గాలిమర పెట్టినా ఏదో ఒక రోజు ఎదురయ్యే కఠిన పరీక్షలన్నీ ఈ తీరంలో ఒకేచోట ఉన్నాయి.

మర కూలకుండా నిలబడుతుందా అన్నది పునాదులు, ఉక్కు తెలిసినవారు తేల్చే విషయం. నిలబడ్డ మర గ్రిడ్‌లో పిడుగు పడ్డప్పుడు, తీగ తెగినప్పుడు కరెంటు ఇస్తూ ఉంటుందా, సరిగ్గా ఆ క్షణాన వదిలేసి పక్కకు తప్పుకుంటుందా అన్నది వేరే విషయం. దీన్ని ముందుగా తెలుసుకునే దారి ఒక్కటే: ఆ మర జనరేటర్‌కూ, దాని కరెంటును గ్రిడ్‌కు సరిపడేలా మార్చే కన్వర్టర్‌కూ కంప్యూటర్‌లో రాసిన మోడల్. కంపెనీ మోడల్ ఇస్తుంది, గ్రిడ్ సంస్థ దాన్ని నడిపి చూస్తుంది, నిబంధనలకు సరిపోయిందంటే అనుమతి వస్తుంది. అంటే అనుమతి దొరికేది మోడల్‌కు, కరెంటు వచ్చేది యంత్రం నుంచి. ఈ రెండూ ఒకే తీరుగా ప్రవర్తిస్తాయా అని గట్టిగా అడిగే పద్ధతి మన దేశంలో ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. ఈ సమీక్షలో నా ఆందోళన అంతా దాని గురించే.

ముందు యంత్రం సంగతి. ప్రపంచంలో మొదటి సముద్ర పవన క్షేత్రం 1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర మొదలైంది. 450 కిలోవాట్ల మరలు పదకొండు, అన్నీ కలిపి 5 మెగావాట్ల లోపే. ఆనాటి మరల్లో ఉన్నది ఇండక్షన్ జనరేటర్, మన పొలాల్లో నీళ్ళు తోడే మోటారు జాతిదే. వేగం మారదు, వోల్టేజీని పట్టి నిలిపే శక్తి లేదు, అందుకు కావలసిన రియాక్టివ్ పవర్‌ను తానే గ్రిడ్ నుంచి లాక్కుంటుంది. అంతర్జాతీయ ప్రమాణం 61400-27లో దీన్ని మొదటి రకం అన్నారు. రోటర్ నిరోధాన్ని మార్చుకునే ఏర్పాటు చేస్తే రెండో రకం. రోటర్‌కు మాత్రమే చిన్న కన్వర్టర్ తగిలిస్తే మూడో రకం. ఇరవై ఏళ్ళ పాటు ప్రపంచాన్ని ఏలింది ఇదే, రాయలసీమ కొండల మీద తిరిగేవాటిలోనూ చాలా భాగం ఇవే. జనరేటర్‌లో పుట్టిన కరెంటు మొత్తాన్నీ కన్వర్టర్ గుండా పంపితే నాలుగో రకం. ఇప్పుడు సముద్రంలో నిలబెడుతున్న 10 నుంచి 15 మెగావాట్ల మరలు దాదాపు అన్నీ నాలుగో రకమే.

నాలుగో రకంలో తిరిగే రెక్కకూ గ్రిడ్‌కూ మధ్య కన్వర్టర్ అడ్డుగోడలా ఉంటుంది. రెక్కలు తిరిగే వేగం ఒకటి, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ మరొకటి, ఒకదాని సంగతి మరొకదానికి పట్టదు. పాత థర్మల్, జల, గ్యాస్ కేంద్రాల్లోని సింక్రనస్ జనరేటర్ అలా కాదు. అది తిరగలి రాయి లాంటిది: ఒకసారి తిరగడం మొదలెట్టాక చేయి తీసినా కాసేపు తిరుగుతుంది, ఆ బరువే గ్రిడ్ ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచుతుంది. తీగ నేలను తాకితే సింక్రనస్ జనరేటర్ తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు క్షణంలో కుమ్మరిస్తుంది. ఆ వరదను చూసే రిలేలు తప్పు ఎక్కడ జరిగిందో పసిగడతాయి. కన్వర్టర్ అలా ఇవ్వలేదు. దాని సెమీకండక్టర్లు కాలిపోకుండా మామూలు కంటే పది, ఇరవై శాతం ఎక్కువ దగ్గరే ఆపేస్తుంది. కాబట్టి ఆపద వేళ గాలిమర ఎలా ప్రవర్తిస్తుందన్నది ఇనుము, రాగి నిర్ణయించే విషయంగా మిగల్లేదు. కంట్రోలర్‌లో రాసిన సాఫ్ట్‌వేర్ దాన్ని నిర్ణయిస్తోంది. వోల్టేజీ పడిపోయినప్పుడు రియాక్టివ్ కరెంటు ముందా, యాక్టివ్ పవర్ ముందా? గ్రిడ్ ఫేజ్‌ను వెంబడించే లూప్ ఎంత వేగంగా కదలాలి? ఎన్నో దెబ్బకు మర తనను తాను ఆపుకోవాలి? వీటికి జవాబులు సాఫ్ట్‌వేర్‌లో అంకెలుగా ఉంటాయి. మోడల్ రాయడమంటే ఈ అంకెలన్నిటినీ నిజాయితీగా బయటపెట్టడం.

ఇక గ్రిడ్ ఏం అడుగుతోందో చూద్దాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో గ్రిడ్ అనుసంధాన సాంకేతిక ప్రమాణాలు తెచ్చింది. గాలి, సౌర కేంద్రాలకు ప్రత్యేక నిబంధనలు 2013 సవరణతో వచ్చాయి, 2019 ఫిబ్రవరి సవరణతో బిగిశాయి. 66 కేవీ, ఆపైన కలిసే కేంద్రం దగ్గర వోల్టేజీ 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్ల పాటు మర గ్రిడ్‌ను వదలకూడదు. మూడు సెకన్లలో వోల్టేజీ 85 శాతానికి కోలుకునే దాకా అంటిపెట్టుకునే ఉండాలి. ఆ వ్యవధిలో రియాక్టివ్ పవర్‌కే మొదటి పీట. ఎక్కువ వోల్టేజీకీ గీత గీశారు: 110 నుంచి 120 శాతం మధ్య రెండు సెకన్లు, 120 నుంచి 130 మధ్య 0.2 సెకను తట్టుకోవాలి. ఫ్రీక్వెన్సీ 47.5 నుంచి 52 హెర్ట్జ్ దాకా ఎటు పోయినా నడవాలి. పవర్ ఫ్యాక్టర్‌ను 0.95 లాగ్ నుంచి 0.95 లీడ్ దాకా మార్చగలగాలి. పది మెగావాట్లు దాటిన కేంద్రం ఫ్రీక్వెన్సీకి స్పందించాలి, 0.3 హెర్ట్జ్ మించి తేడా వస్తే ఒక్క సెకనులో తన సామర్థ్యంలో పదో వంతు సర్దగలగాలి. కలిసే చోట గ్రిడ్ బలాన్ని చెప్పే షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి ఐదుకు తగ్గకూడదు. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త గ్రిడ్ కోడ్ ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నిలపమంటుంది.

మంచి నిబంధనలే. కానీ వీటిని నేల మీది మరలను చూసి రాశారు. సముద్రంలో ఒక చిక్కు ఉంది, అది కేబుల్. 220 కేవీ సముద్రగర్భ కేబుల్ కిలోమీటరుకు సుమారు 3 మెగావార్ల రియాక్టివ్ పవర్‌ను తానే పుట్టిస్తుంది. ముప్పై కిలోమీటర్లకు తొంభై. అందుకే 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రిటన్ హార్న్‌సీ వన్ క్షేత్రానికి దారి మధ్యలో సముద్రంలోనే రియాక్టర్ల కోసం ఇంకో ప్లాట్‌ఫాం కట్టాల్సి వచ్చింది. ఎనభై, వంద కిలోమీటర్లు దాటితే చాలా దేశాలు డీసీ కేబుల్‌కు మారుతున్నాయి. మన దగ్గర సముద్రంలోని సబ్‌స్టేషన్ నుంచి తీరం దాకా లైను వేసే బాధ్యత పవర్‌గ్రిడ్ కార్పొరేషన్‌ది. అప్పుడు మర యజమాని నిబంధన పాటించాల్సిన చోటు ఏది, సముద్రంలోని సబ్‌స్టేషనా, తీరమా? సముద్రంలో సరిపోయిన పవర్ ఫ్యాక్టర్, ముప్పై కిలోమీటర్ల కేబుల్ దాటేసరికి తీరాన సరిపోవాలని లేదు. బ్రిటన్‌లో క్షేత్రం కట్టేవారే లైనూ కట్టి తర్వాత వేరే సంస్థకు అప్పగిస్తారు. జర్మనీలో గ్రిడ్ సంస్థే కడుతుంది. ఏ పద్ధతిలోనైనా కేబుల్ బాధ్యత ఎవరిదో కాగితం మీద ముందే తేలాలి. లేకపోతే మోడల్‌లో కేబుల్‌ను ఎవరికి వారు పక్కవాడి ఖాతాలో రాసేస్తారు.

ఇప్పుడు మోడళ్ళు. రెండు తరగతులున్నాయి. మొదటిది సగటు విలువలతో మిల్లీసెకన్ల మెట్ల మీద నడిచేది. దేశం మొత్తం గ్రిడ్‌ను ఒకేసారి లెక్కించడానికి ఇదే పనికొస్తుంది. ఇంజనీర్లు పీఎస్ఎస్ఈ, పవర్‌ఫ్యాక్టరీ లాంటి సాఫ్ట్‌వేర్లలో దీన్ని నడుపుతారు. రెండోది విద్యుదయస్కాంత మార్పులను మైక్రోసెకన్ల మెట్ల మీద, మూడు ఫేజులనూ విడివిడిగా వెంబడించేది. పీఎస్‌క్యాడ్ లాంటి వాటిలో నడుస్తుంది. చాలా నెమ్మది, కానీ కన్వర్టర్ లోపలి కంట్రోల్ మనసు దీనికే తెలుస్తుంది. మొదటి తరగతిలోనూ రెండు పాయలున్నాయి. అంతర్జాతీయ ప్రమాణమూ అమెరికా పశ్చిమ గ్రిడ్ మండలీ తయారుచేసిన సాధారణ మోడళ్ళు ఒక పాయ. ఇవి అందరికీ తెరిచి ఉంటాయి, ఎవరైనా సమీకరణాలు చదువుకోవచ్చు. తయారీ కంపెనీలు ఇచ్చే మోడళ్ళు మరో పాయ. వీటి లోపల ఏముందో కనపడదు, తాళం వేసి ఇస్తారు.

తాళం వెయ్యడాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. కంట్రోల్ కోడ్ కంపెనీ ఆస్తి, పోటీదారు చేతికి వెళ్ళకూడదనుకోవడం న్యాయమే. పైగా అసలు కంట్రోలర్ కోడ్‌నే మోడల్‌లో ఎక్కించి ఇస్తే, తాళం వేసినా అది సాధారణ మోడల్ కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. తాళం వేసినదాన్ని కొలతతో సరిపోల్చకుండా ఒప్పుకోవడంతోనే నాకు పేచీ. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. డెబ్బై మరల క్షేత్రాన్ని లెక్క సులువు కోసం ఒకే పెద్ద మరగా కుదించి మోడల్ చేస్తారు. అన్ని మరలకూ ఒకే గాలి, ఒకే కేబుల్ పొడవు అయితే అది సరిపోతుంది. ముందు వరస మరల నీడలో వెనక వరసకు గాలి తగ్గుతుంది, చివరి మర దగ్గర వోల్టేజీ మొదటి మర దగ్గరిలా ఉండదు. ఒకటీ రెండూ మరలు వదిలేస్తే మిగతావి ఎలా స్పందిస్తాయన్నది ఆ ఒక్క పెద్ద మర చెప్పలేదు.

మోడల్ నిజం చెప్పకపోతే ఏమవుతుందో ప్రపంచం రెండుసార్లు పెద్ద ధర చెల్లించి నేర్చుకుంది. మొంథాను చూసిన మనం ఆ రెంటినీ తీరిగ్గా చదవాలి.

మొదటిది దక్షిణ ఆస్ట్రేలియా, 2016 సెప్టెంబరు 28. గాలివానలో సుడిగాలులు పుట్టి ట్రాన్స్‌మిషన్ టవర్లను కూల్చేశాయి. మూడు పెద్ద లైన్లు దెబ్బతిన్నాయి. రెండు నిమిషాల్లో ఆరు సార్లు వోల్టేజీ పడిపోయింది. పడిన ప్రతిసారీ గాలిమరలు నిబంధన ప్రకారం తట్టుకున్నాయి. కానీ కొన్ని క్షేత్రాల కంట్రోలర్లలో ఒక అంకె దాగి ఉంది: రెండు నిమిషాల్లో ఇన్ని సార్లు మించి వోల్టేజీ పడితే ఆగిపో. ఆ లెక్క దాటగానే అవి ఒకదాని వెంట ఒకటి తప్పుకున్నాయి. ఏడు సెకన్ల లోపు 456 మెగావాట్లు మాయమయ్యాయి. ఆ లోటు పూడ్చబోయి పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మోయలేక తెగింది, రాష్ట్రమంతా చీకటైంది. ఎనిమిదిన్నర లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది. ఆ దాగిన అంకె గ్రిడ్ సంస్థ చేతిలోని మోడళ్ళలో లేదు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు కొట్టి చూసిన పరీక్షల్లో మోడల్ ఎప్పుడూ పాసయ్యేది. తర్వాత ఆ సెట్టింగులు మార్చారు, అవే మరలు మరిన్ని దెబ్బలు తట్టుకోగలిగాయి. యంత్రంలో లోపం లేదన్నమాట. అప్పుడు కొందరు రాజకీయ నాయకులు తప్పంతా పవన విద్యుత్ మీదకు తోసేశారు. అసలు పాఠం మోడల్‌దని ఇంజనీర్ల నివేదికలు చెప్పాయి. ఆ దేశం 2018లో మోడళ్ళ మార్గదర్శకాలను తిరగరాసి మైక్రోసెకన్ల మోడల్‌ను తప్పనిసరి చేసింది. మరలు తిరగడం మొదలెట్టాక కొలతలు తీసి మోడల్‌ను మళ్ళీ సరిచెయ్యాలనే పట్టుదల కూడా అక్కడ బలంగా ఉంది.

రెండోది హార్న్‌సీ వన్, 2019 ఆగస్టు 9, శుక్రవారం సాయంత్రం. లండన్‌కు ఉత్తరాన ఒక లైను మీద పిడుగు పడింది. రక్షణ వ్యవస్థలు సరిగ్గానే పనిచేసి లైనును తీసి మళ్ళీ కలిపాయి. గ్రిడ్‌కు మామూలు సంఘటన. కానీ సముద్రంలో ఉన్న హార్న్‌సీ వన్ క్షేత్రం 799 మెగావాట్ల నుంచి క్షణాల్లో 62కు పడిపోయింది. వోల్టేజీ కంట్రోల్, గ్రిడ్ బలహీనంగా ఉన్న స్థితిలో, సెకనుకు పది సార్లకు దగ్గరగా ఊగడం మొదలెట్టింది. ఊగుడు పెరిగి మరల రక్షణలు వాటిని ఆపేశాయి. అదే సమయంలో లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రమూ జారిపోయింది. ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు దిగింది, పది లక్షల పైచిలుకు వినియోగదారులకు కరెంటు తీసేశారు, రైళ్ళు గంటల తరబడి దారిలో నిలిచిపోయాయి. ప్రమాదానికి పది నిమిషాల ముందు చిన్న వోల్టేజీ మార్పుకు అదే క్షేత్రం కాస్త ఊగి సర్దుకున్న ఆనవాలు రికార్డుల్లో దొరికింది. అప్పటికే కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, మర్నాడు దాన్ని ఎక్కించారు. అంటే వేల కోట్ల రూపాయల పెట్టుబడి ఉన్న క్షేత్రాన్ని దించేసినది కొన్ని వరసల కోడ్. అప్పటికి ఆ క్షేత్రం తాత్కాలిక అనుమతితో నడుస్తోందని గుర్తుంచుకోవాలి. అనుసంధాన పరీక్షలు పూర్తికాని దశలోనూ గ్రిడ్ మీద అంత భారం పెట్టవచ్చా అన్న ప్రశ్న దానితోనే పుట్టింది.

ఇవి కాక జర్మనీలో డీసీ లైనుతో కలిపిన తొలి సముద్ర క్షేత్రం 2014లో హార్మోనిక్ అలజడితో నెలల తరబడి నిలిచిపోయింది. టెక్సస్‌లో 2009లో సిరీస్ కెపాసిటర్ ఉన్న లైను చివర మూడో రకం మరలు ఊగి దెబ్బతిన్నాయి. మన దేశంలోనూ రాజస్థాన్ సౌర, పవన కేంద్రాల ప్రాంతంలో 2022, 2023ల్లో ఒక్క ఫాల్ట్‌కే వేల మెగావాట్లు జారిపోయిన ఘటనలు జరిగాయి. కాగితం మీద నిబంధన పాటించినట్టే ఉన్న కేంద్రాలు నేల మీద పాటించలేదని తేలింది.

ఇప్పుడు మన డెల్టా. మొగల్తూరు, నరసాపురం, భీమవరం చుట్టూ వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకు ప్రాణం నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్. రాత్రి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి తెల్లారే దాకా మోటార్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, గంట ఆలస్యమైతే రొయ్య తేలుతుంది. కరెంటు మోడల్ రాసేవాళ్ళకు ఈ ఏరియేటర్లు ఎంత ముఖ్యమో చెప్పాలి. ఫాల్ట్ వచ్చి వోల్టేజీ 300 మిల్లీసెకన్లు పడిపోతే చిన్న మోటార్లు నెమ్మదిస్తాయి. వోల్టేజీ తిరిగొచ్చాక అవి ఒక్కసారిగా ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి, వోల్టేజీని కోలుకోనివ్వవు. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఏసీ కంప్రెసర్లు ఇలాగే గ్రిడ్‌ను బెంబేలెత్తించాయి. తెడ్డు ఏరియేటర్ అంత మొండిది కాదు, వేగం తగ్గితే దాని మీద నీటి బరువూ తగ్గుతుంది, మళ్ళీ అందుకుంటుంది. కానీ దీనికి రెండో ముఖం ఉంది. వోల్టేజీ పడగానే స్టార్టర్‌లోని కాయిల్ వదిలేస్తే మోటారు ఆగిపోతుంది. వేల మోటార్లు ఒకే క్షణంలో ఆగితే లోడు మాయమై వోల్టేజీ పైకి లేస్తుంది. అంటే అదే ఫాల్ట్ వెంటనే వోల్టేజీని కిందికి లాగవచ్చు, మరుక్షణం పైకి విసరవచ్చు. గాలిమర రెండు గీతలనూ తట్టుకోవాలి. మర మోడల్ ఎంత గొప్పదైనా, ఎదురుగా ఉన్న ఊరిని స్థిరమైన లోడుగా రాస్తే ఆ పరీక్షకు అర్థం లేదు.

తుపాను రాత్రిని ఇప్పుడు వరసగా ఊహించండి. గాలి సెకనుకు 25 మీటర్లు దాటగానే మరలు రెక్కల అంచును గాలికి ఎదురుగా తిప్పుకుని ఆగుతాయి. క్షేత్రమంతా ఒకే పావుగంటలో ఆగితే వందల మెగావాట్లు పోతాయి, ఆ లోటు ఎక్కడో పూడాలి. గాలి ఇంకా పెరిగితే విద్యుత్ పంపిణీ సంస్థ ప్రాణ రక్షణ కోసం తీరం ఫీడర్లను తీసేస్తుంది. అది సరైన పనే. అప్పుడు లోడు లేదు, మరలు లేవు, సముద్రంలో కేబుల్ మాత్రం కిలోమీటరుకు మూడు మెగావార్లు పుట్టిస్తూనే ఉంటుంది. తీరపు సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ పైకి ఎగబాకుతుంది. ఇంతలో తాటిచెట్టు పడి ఒక లైను, టవరు కూలి మరో లైను, నిమిషాల తేడాతో ఫాల్టులు. ఆస్ట్రేలియాలో రెండు నిమిషాల్లో ఆరు దెబ్బలు పడ్డాయి, తుపాను గంటల తరబడి కొడుతుంది. 2014 హుద్‌హుద్ విశాఖ కరెంటు వ్యవస్థను ఎలా ధ్వంసం చేసిందో అందరం చూశాం. మన నిబంధనల్లో ఒక్కో దెబ్బకూ గీత ఉంది. వరస దెబ్బల పరీక్షను మోడల్ మీద తప్పనిసరి చేసే దాకా ఈ తీరానికి సంబంధించినంతవరకూ ఆ గీత సగం గీతే. ఎక్కువ వోల్టేజీ ఎంత ప్రమాదమో 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు మొత్తం చీకటై చూపించాయి.

ఇక్కడ మన చేతిలో ఒక మంచి సంగతి ఉంది. గాలి లేకపోయినా నాలుగో రకం మర కన్వర్టర్ రియాక్టివ్ పవర్‌ను పీల్చుకోగలదు, ఇవ్వగలదు. మర ఆగిన రాత్రి కూడా దాని కన్వర్టర్‌ను మేలుకొలిపి ఉంచితే కేబుల్ వోల్టేజీని అదే అదుపు చేస్తుంది. దానికి మర లోపలి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవాలి, సముద్రంలో సొంత కరెంటు నిల్వ ఉండాలి, అనుమతి ఒప్పందంలో ఆ మాట రాయాలి. అడిగితే ఇస్తారు, అడగకపోతే మర ఆగగానే కన్వర్టర్ కూడా పడుకుంటుంది.

రెండో సంగతి గ్యాస్. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి గ్యాస్ కేంద్రాలు ఈ డెల్టాకు అండగా పుట్టాయి. 2009 ఏప్రిల్‌లో మొదలైన కృష్ణా-గోదావరి బేసిన్ డీ-6 క్షేత్రం గ్యాస్ అంచనాలకు అందకుండా తగ్గిపోయాక గోదావరి జిల్లాల గ్యాస్ కేంద్రాలు చాలావరకు మూలపడ్డాయి. వాటిలోని సింక్రనస్ జనరేటర్లకు గ్యాస్ లేకపోయినా ఒక పని చెప్పవచ్చు. టర్బైన్ నుంచి విడదీసి గ్రిడ్ కరెంటుతోనే తిప్పితే అవి సింక్రనస్ కండెన్సర్లవుతాయి: తిరిగే బరువు, ఫాల్ట్ కరెంటు, వోల్టేజీ పట్టు మూడూ ఇస్తాయి. జర్మనీలో మూసేసిన బిబ్లిస్ అణు కేంద్రపు జనరేటర్‌ను 2012లో ఇలాగే మార్చారు. షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి ఐదుకు తగ్గకూడదన్న నిబంధనను తీర్చడానికి కొత్త యంత్రాలు కొనే ముందు వీటిని లెక్కలోకి తేవాలి. ప్రజల డబ్బు, బ్యాంకుల డబ్బు కలిపి కట్టిన యంత్రాలు తుప్పు పట్టడం చూస్తూ, పక్కనే అవే లక్షణాలున్న యంత్రాలు దిగుమతి చేసుకోవడం నాకు మనసొప్పదు. జనరేటర్లు ఎన్నేళ్ళ పాతవి, క్లచ్ అమర్చడానికి వీలుందా అన్నది ఒక్కో కేంద్రానికీ విడిగా చూడాలి. ఆ పరిశీలన మాత్రం చవకైనదే. కొత్త దారిలో గ్రిడ్-ఫార్మింగ్ కన్వర్టర్ ఉంది, అంటే గ్రిడ్‌ను వెంబడించకుండా తానే వోల్టేజీని నిర్మించేది. స్కాట్లాండ్‌లోని డెర్సలాక్ పవన క్షేత్రంలో 2019లో దాన్ని నడిపి చూశారు. ఆశాజనకం, కానీ కరెంటు పరిమితి దానికీ ఉంటుంది.

మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రసార సంస్థ ఇప్పుడు రెండు తరగతుల మోడళ్ళూ అడుగుతోంది. కేంద్రాన్ని మొదటిసారి గ్రిడ్‌కు కలిపే ముందు దేశ గ్రిడ్ నడిపే గ్రిడ్-ఇండియా సంస్థ పత్రాలు పరిశీలిస్తుంది. రాజస్థాన్ ఘటనల తర్వాత పరిశీలన గట్టిపడింది. నేను అడిగేది ఇంకో మూడు మెట్లు. మర తిరగడం మొదలెట్టాక నిజమైన ఫాల్టుల్లో రికార్డయిన తరంగాలను మోడల్ మీద పెట్టి పోల్చి, తేడా వస్తే మోడల్‌ను కంపెనీ సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. ఈ పోలికకు అంతర్జాతీయ ప్రమాణం 61400-27 రెండో భాగంలో 2020 నుంచి పద్ధతి ఉంది, కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ మోడల్ మారాలి, మళ్ళీ అనుమతి తీసుకోవాలి, లేకపోతే హార్న్‌సీ మళ్ళీ వస్తుంది. వరస దెబ్బల లెక్క, దాగిన ఆగుడు అంకెలు, రక్షణ సెట్టింగులన్నీ అఫిడవిట్‌గా రాసివ్వాలి.

మన తీరం జాబితాలో లేకపోవడం వల్ల మనకు సమయం దొరికింది. ఆ సమయంలో భీమవరం, నరసాపురం సబ్‌స్టేషన్ల దగ్గర మంచి రికార్డర్లు పెట్టి తుపాను కాలపు వోల్టేజీ తరంగాలు భద్రపరచాలి. కాకినాడ జేఎన్టీయూ, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, భీమవరం ఎస్ఆర్‌కేఆర్ కాలేజీ విద్యార్థులు ఆ తరంగాల నుంచి డెల్టా లోడు మోడల్ రాయగలరు. అందులో మొట్టమొదట కొలవాల్సింది చెరువు గట్టు మీది స్టార్టర్: వోల్టేజీ ఎంతకు పడితే, ఎన్ని మిల్లీసెకన్లకు దాని కాయిల్ వదిలేస్తుంది? చవకైన చిన్న భాగం అది. దాని అంకె తెలియకుండా ఈ తీరానికి ఎదురుగా వేల కోట్ల క్షేత్రాన్ని ఆమోదించే మోడల్ ఎవరూ రాయలేరు.